నీడ పొడవయ్యే వేళ

పుణె నడిబొడ్డున ఉన్న శనివార్‌వాడా లోపల, రాతి పునాదుల మధ్య పెంచిన పచ్చిక మీద నిలబడి ఉన్నాం, నేనూ నా సహచరీ. 2024 జనవరి నెల. సాయంత్రం నాలుగు దాటింది. ‘‘ఫోటోలకు ఇదే మంచి వేళండీ. మధ్యాహ్నం వస్తే ఇవన్నీ ఉత్త రాళ్లు. ఇప్పుడు చూడండి, బంగారంలా మెరుస్తున్నాయి’’ అన్నాడు మా వెంట వచ్చిన యువ గైడు. అతను చెప్పింది నిజమే. వాలిన ఎండలో ఆ నల్లరాళ్లకు పసుపు వన్నె వచ్చింది. కానీ నా చూపు రాళ్ల మీద లేదు. నా పాదాల దగ్గర మొదలై, నా నిలువెత్తును దాటి, ముందున్న పునాది అంచును తాకుతున్న నా నీడ మీద ఉంది.

సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే 1932లో వెలువరించిన గ్రంథంలో ఒక సంగతి నమోదు చేశాడు. మరాఠాల, పీష్వాల పాలనలో మహార్లు, మాంగులు మధ్యాహ్నం మూడు తర్వాత, ఉదయం తొమ్మిదికి ముందు పుణె నగర ద్వారాల లోపల ఉండరాదు. ఆ వేళల్లో మనిషి నీడ పొడవుగా సాగుతుంది. ఆ నీడ బ్రాహ్మణుని మీద పడితే ఆయన మైలపడతాడు. మళ్లీ స్నానం చేసేదాకా అన్నం ముట్టడానికి వీలుండదు. అందుకని నీడ కురచగా ఉండే వేళకే అంటరానివాడి రాకపోకలు పరిమితమయ్యాయి. గైడు మంచి వేళ అని చెప్పిన ఆ వేళకు, రెండు వందల ఏళ్ల కిందటైతే, నా వంటివాడు ఈ నగరం వెలుపల ఉండాలి. నేను చూసిన ఫలకాల్లో ఏ ఒక్కదాని మీదా ఈ మాట లేదు.

ఇది పుణె ఒక్కదాని సమస్య కాదు. పాత నగరాలకు మరమ్మతులు చేసి, రంగులు దిద్ది, దీపాలు పెట్టి సందర్శకులకు చూపించడం దేశమంతటా ఊపందుకుంది. మన దగ్గరా అది మొదలైంది. అందువల్ల ఆ నగరంలో రెండు రోజుల పాటు మేమిద్దరం చూసిన వాటిని, పోట్లాడుకున్న వాటిని ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది.

పుణెకు మేము విహారానికి వెళ్లలేదు. నా సహచరి వాస్తుశిల్పి. పాత కట్టడాలను వాటి అసలు సామగ్రితో, అసలు పద్ధతిలో బాగుచేయడం ఆమె వృత్తి. అంతకు కొద్ది నెలల ముందు, మా ఊరికి ఏడెనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఒక పాత గడీని బాగుచేసి విడిదిగా మార్చాలని దాని వారసులు ఆమెను అడిగారు. ఆ గడీకి మా తాత వెట్టి చేశాడు. దొరకు, దొర జీతగాళ్లకు చెప్పులు కుట్టాడు. మోట బొక్కెనలకు తోలు కట్టాడు. కబుర్లు మోశాడు. డప్పు కొట్టాడు. గడీ ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం తాను కుట్టిన చెప్పులనే చేతబట్టుకొని నడిచాడు. ఆమె బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది. పన్నెండేళ్ల కిందట మేము రిజిస్ట్రార్ కార్యాలయంలో పెళ్లి చేసుకున్నాం. ఆమె పుట్టింటి గడప నేను ఇప్పటిదాకా తొక్కింది రెండుసార్లే. ఆ గడీ పని ఒప్పుకోవాలా వద్దా అన్న ప్రశ్న మా ఇంట్లో చాలా రోజులు నలిగింది. ఇతర నగరాలు తమ పాత భవంతులను ఎలా నిలబెట్టుకున్నాయో చూసి తేల్చుకుందామని ఆమె అంది. అలా పుణె వెళ్లాం.

శనివార్‌వాడాకు 1730 జనవరిలో మొదటి బాజీరావు పునాది వేయించాడు. 1732 జనవరిలో గృహప్రవేశం జరిగింది. 1817 నవంబరులో దాని మీద ఆంగ్లేయుల జెండా ఎగిరింది. 1828లో మంటలు రేగి లోపలి చెక్క అంతస్తులన్నీ కాలిపోయాయి. ఇప్పుడు మిగిలినవి ప్రాకారం, ద్వారాలు, రాతి పునాదులు, నీటి చిమ్ముళ్ల తొట్లు. గైడు మమ్మల్ని ద్వారం తర్వాత ద్వారం తిప్పాడు. ఢిల్లీ దర్వాజా, మస్తానీ దర్వాజా, గణేశ్ దర్వాజా, ఖిడ్కీ దర్వాజా, నారాయణ్ దర్వాజా. ప్రతి ద్వారానికీ ఒక పేరుంది, ప్రతి పేరుకూ ఒక కథ ఉంది. 1773 ఆగస్టులో పద్దెనిమిదేళ్ల పీష్వా నారాయణరావును ఇక్కడే నరికి చంపారు. ‘‘బాబాయ్, నన్ను కాపాడు’’ అని అతను వేసిన కేకలు పున్నమి రాత్రుల్లో ఇప్పటికీ వినబడతాయని గైడు గొంతు తగ్గించి చెప్పాడు. చుట్టూ చేరిన పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు.

‘‘ఇంత పెద్ద వాడాను రోజూ ఊడ్చేవాళ్లు, మరుగు శుభ్రం చేసేవాళ్లు ఏ ద్వారం నుంచి వచ్చేవారు?’’ అని నేను అడిగాను. అతను కాసేపు ఆలోచించి, ‘‘ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్’’ అన్నాడు. వెటకారమేమీ లేదు. అతనికి నేర్పిన పాఠంలో ఆ ద్వారం లేదు, అంతే.

నా మనసులో ఉన్నది మరొక గొంతు. 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో మాంగు, మహార్ల దుఃఖాన్ని గురించి ఒక వ్యాసం వచ్చింది. రాసింది ముక్తా సాల్వే. మాంగు కులంలో పుట్టిన పిల్ల, ఫూలే దంపతులు నడిపిన బడిలో చదువుకున్నది. వయసు పద్నాలుగేళ్లు. మా వాళ్లు వ్యాయామశాల ముందు నుంచి నడిచివెళితే తలలు నరికి, గుల్‌టేకడీ మైదానంలో కత్తులు బ్యాట్లుగా, ఆ తలలు బంతులుగా ఆటలాడారని ఆ పిల్ల రాసింది. పెద్ద పెద్ద భవంతులు కట్టేటప్పుడు మా వాళ్ల చేత సింధూరం కలిపిన నూనె తాగించి పునాదుల్లో పూడ్చేశారని కూడా రాసింది. మాంగులు తమను మాతంగులని చెప్పుకుంటారు. మన మాదిగలు మాతంగి బిడ్డలమని చెప్పుకుంటారు. ఆ పిల్లలో నేను మా ఇంటి ఆడపిల్లను చూస్తే అందులో అతిశయోక్తి లేదు.

ఆ వ్యాసంలోని ప్రతి ఘటనకూ దస్తావేజు చూపించమనే చరిత్రకారులు ఉంటారు. అడగనివ్వండి. దస్తావేజులు రాసే కలం ఎవరి చేతిలో ఉండిందో కూడా అదే ఊపులో చెప్పాల్సి ఉంటుంది. పున్నమి రాత్రి వినబడే యువరాజు కేకకు దస్తావేజు అడగని నగరం, అచ్చులో ఉన్న పద్నాలుగేళ్ల పిల్ల మాటకు మాత్రం సాక్ష్యం అడుగుతుంది. నారాయణరావు హత్యను నేను చిన్నబుచ్చడం లేదు. అతని చావుకు ఒక ద్వారం పేరుగా మిగిలింది. పునాదుల్లోకి పోయారని ముక్త చెప్పినవాళ్లకు ఒక రాయి మీదనైనా చోటు దొరకలేదు. ఆ సాయంత్రం నా కాళ్ల కింద ఉన్నవన్నీ పునాదులే.

అక్కడి నుంచి విశ్రామ్‌బాగ్ వాడాకు నడిచాం. 1807లో రెండవ బాజీరావు కోసం కట్టిన భవనం. రద్దీ బజారు మధ్యన ఒక్కసారిగా ఎదురయ్యే ఆ చెక్క ముఖద్వారాన్ని చూసి ఆమె ఆగిపోయింది. సరుగుడు చెట్టు ఆకారంలో చెక్కిన టేకు స్తంభాలు, వాటి మీద అరటిపువ్వు మొగ్గల్లాంటి బోదెలు, ముందుకు చొచ్చుకొచ్చిన వసారా. దఫదఫాలుగా మరమ్మతులు జరిగిన ఆ చెక్కలో పాతది ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ అతికించారో ఆమె వేలితో చూపిస్తూ పోయింది. నిజం చెప్పాలంటే నాకూ అది అందంగానే కనిపించింది. ఆ అందమే నన్ను ఇబ్బంది పెట్టింది.

పీష్వాలు బ్రాహ్మణ పండితులకు ఏటేటా దక్షిణలు పంచేవారు. వాళ్ల రాజ్యం పోయాక ఆ దక్షిణ నిధితోనే ఆంగ్లేయ ప్రభుత్వం 1821లో ఈ భవనంలో సంస్కృత పాఠశాల తెరిచింది. అందులో ప్రవేశం బ్రాహ్మణ విద్యార్థులకే. రాజు మారినా రాయితీ మారలేదు. అయితే 1852 నవంబరులో ఇదే విశ్రామ్‌బాగ్ వాడాలో మరొక సభ జరిగింది. ఆడపిల్లలకూ అంటరాని పిల్లలకూ బడులు పెట్టినందుకు విద్యాశాఖ తరఫున జ్యోతిరావు ఫూలేను శాలువాతో సత్కరించారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. శూద్రులకు తలుపులు మూసిన చదువులశాల నడిచిన ఇంట్లో ఒక మాలి కులస్థుడు, ఆ తలుపులు తీసినందుకు, సత్కారం అందుకున్నాడు. ఈ భవనం గురించి చెప్పుకోవడానికి ఇంతకన్నా పెద్ద కథ ఏముంటుంది? మాకు దొరికిన పరిచయ పత్రంలో చెక్కడపు పని గురించి నాలుగు పేరాలున్నాయి.

అక్కడే మా మధ్య మాట పెరిగింది. ‘‘దీన్ని ఇంత ఖర్చు పెట్టి నిలబెట్టడం ఎందుకు? పడిపోనివ్వొచ్చు కదా’’ అన్నాను. ఆమె వెంటనే జవాబివ్వలేదు. స్తంభాన్ని తడుముతూ నిలబడి, ‘‘ఈ దూలానికి కులం లేదు. చెక్కినవాడికి ఉంది. ఇది పీష్వా చేత్తో చేసింది కాదు. వడ్రంగి చేసింది. సున్నం గానుగ తిప్పినవాళ్లు, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపినవాళ్లు, రాయి కొట్టినవాళ్లు చేసింది. ఒకసారి వాళ్ల దగ్గర లాక్కొని పీష్వా పేరు పెట్టారు. ఇప్పుడు నువ్వు కూడా ఇది పీష్వాదే అంటే, రెండోసారి లాక్కున్నట్టు కాదా?’’ అంది.

నేను ఒప్పుకోలేదు. చేసినవాళ్ల నైపుణ్యాన్ని పొగడడం, వాళ్లను గడప బయట నిలబెట్టడం ఈ దేశంలో ఎప్పుడూ కలిసే సాగాయి. గుడి కట్టిన చేతులను గుడిలోకి రానివ్వని సమాజం మనది. శ్రమను కీర్తించే రెండు వాక్యాలు పరిచయ పత్రంలో చేరితే వెలి మాయమైపోదు. ఆ మాటే అన్నాను. దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి మేము దిగిన చోటు కూడా ఒక వాడాయే. పాత పేఠల్లో ఒకదానిలో, నూరేళ్లు దాటిన ఇంటిని బాగుచేసి అతిథులకు అద్దెకిస్తున్నారు. నడుమ ఖాళీ చావడి, తులసికోట, రాగి బిందెలు, గోడకు పాత ఫోటోలు. యజమాని పెద్దమనిషి. ఎంతో ఆదరంగా చాయ్ ఇప్పించాడు. పుస్తకంలో పేర్లు రాసుకుంటూ ‘ఆడ్‌నావ్’ అడిగాడు. అంటే ఇంటిపేరు. ఆమె పుట్టింటి పేరే ఇప్పటికీ ఉంచుకుంది. అది వినగానే ఆయన ముఖం వికసించింది. మీది ఏ శాఖ, తెలుగుదేశపు బ్రాహ్మణులంటే మాకు పాత బంధుత్వాలున్నాయి అంటూ మాటలు కలిపాడు. ఉదయం ఇంటి దేవ్‌ఘర్ చూపిస్తానని, అందులోని చెక్క మందిరం వందేళ్ల నాటిదని చెప్పాడు. తర్వాత నా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. అది మరాఠీ చెవికి ఏమీ చెప్పదు. ‘‘అంటే మీరు ఎవరు?’’ అన్నాడు. ‘‘మాదిగలం. మీ దగ్గర మాంగులు’’ అన్నాను.

‘‘ఈ కాలంలో అవన్నీ ఎవరు పట్టించుకుంటారండీ’’ అన్నాడాయన, చిరునవ్వు చెరగకుండానే. పొద్దున్నే దేవ్‌ఘర్ తలుపు మూసి ఉంది. లోపల ఏదో పని జరుగుతోందని కుర్రవాడి చేత చెప్పించాడు. ఏ పనీ జరుగుతున్న చప్పుడు లేదు. ఆయన మమ్మల్ని అవమానించలేదు. గది ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు, ఫలహారం పెట్టాడు. ఒక్క తలుపు మాత్రం మూసుకున్నాడు. ఆ ఇంటిలో దూలాలనూ దంతెలనూ ఎంత జాగ్రత్తగా నిలబెట్టారో, ఆ తలుపు మూసుకునే అలవాటునూ అంతే జాగ్రత్తగా నిలబెట్టారు. మూటలు సర్దుకుంటూ ఆమె, ‘‘నిన్న నువ్వన్నది ఇదే కదా’’ అంది. నేను తల ఊపాను. గెలిచినట్టు అనిపించలేదు.

ఆ రోజు మేము చూడాలనుకున్నది భిడేవాడా. బుధవార్ పేఠలో, పేరుమోసిన దగడూశేఠ్ గణపతి గుడికి ఎదురుగా ఉంటుంది. 1848లో జ్యోతిరావు, సావిత్రిబాయి ఆడపిల్లల కోసం బడి తెరిచింది అందులోనే. సావిత్రిబాయి బడికి నడిచి వస్తుంటే పేడ, బురద విసిరేవారు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకొని వచ్చేదని మన దగ్గర బడిపిల్లలు కూడా ఇవాళ చెబుతారు. మేము వెళ్లేసరికి అక్కడ ఇల్లు లేదు. అడ్డంగా కట్టిన రేకులున్నాయి, వాటి వెనక ఖాళీ జాగా ఉంది.

ఆ ఇల్లు ఏళ్ల తరబడి శిథిలమవుతూ వచ్చింది. కింద దుకాణాలు, పైన కూలిన అంతస్తులు. స్మారకం కట్టాలన్న కోరికకూ, అద్దెదారుల హక్కులకూ మధ్య వ్యాజ్యం చాలా కాలం నడిచింది. 2023లో బొంబాయి హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు అద్దెదారుల వాదనను తోసిపుచ్చాక, డిసెంబరులో పోలీసు బందోబస్తు మధ్య ఇంటిని కూల్చేశారు. అప్పటికి దాన్ని నిలబెట్టగల స్థితి దాటిపోయిందన్నారు. ఆ చోట స్మారకం వస్తుందని చెబుతున్నారు. రావాలి. కానీ పీష్వా విశ్రాంతి కోసం కట్టిన ఇంటికి దఫదఫాలుగా మరమ్మతులు అందాయి. సావిత్రిబాయి ఎక్కిన మెట్లకు అవి అందలేదు. రెండు కట్టడాల మధ్య దూరం కాలినడకన కొద్ది నిమిషాలే.

ఆ రేకుల ముందు ఆమె చాలాసేపు నిలబడింది. ‘‘చూశావా, పడిపోనివ్వమన్నావు. పడిపోతే ఇలా ఉంటుంది’’ అంది. ఆ మాటలో కోపం లేదు. ‘‘ఇల్లు నిలబడితే అబద్ధం చెప్పొచ్చు, నిజం కూడా చెప్పొచ్చు. పడిపోతే రెండూ చెప్పలేం. ఏ గదిలో పిల్లలు కూర్చున్నారో, ఏ కిటికీ లోంచి రాళ్లు వచ్చాయో ఇక ఎవరూ చూపించలేరు. నీ తాత చెప్పులు విప్పిన జాగా కూడా అంతే. గడీ కూలిపోతే దొరకు పోయేదేమీ లేదు. సాక్ష్యం పోయేది నీకే.’’

నేను నా వాదాన్ని అక్కడ వదిలేశాను. శిథిలం పాలకుల మీద తీర్చుకునే ప్రతీకారం అని నేను అనుకున్నాను. కానీ వెనక గుమ్మం, వేరే బావి, వేరే మెట్లు, అరుగు కింద నిలబడే చోటు మట్టిలో కలిసిపోతే, అణచివేతకు ఆనవాలు లేకుండా పోతుంది. పాలకుల వైభవానికి పుస్తకాలున్నాయి, బొమ్మలున్నాయి, సినిమాలున్నాయి. మన వెలికి మిగిలిన సాక్షులు ఆ రాళ్లే.

చివరగా గంజ్ పేఠలోని ఫూలేవాడాకు వెళ్లాం. అది ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ రక్షిత కట్టడం. పెంకుటిల్లు, చిన్న వాకిలి, జ్యోతిరావు అస్థికలు ఉంచిన సమాధి. పెరట్లో నీటి కొలను గురించి చెప్పకుండా ఆ ఇంటిని గురించి చెప్పడం కుదరదు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ నానాసాహెబ్ పీష్వా కాత్రజ్ చెరువు నుంచి భూమి లోపలి కాలువల ద్వారా పుణెకు నీళ్లు తెప్పించాడు. పేఠల్లో హౌజులు కట్టించారు. ఈ మాట మనకూ తెలిసిందే, హైదరాబాదులోనూ హౌజు అనే అంటాం. ఆ జలవ్యవస్థను ఇవాళ ఇంజనీరింగు అద్భుతంగా చూపిస్తారు. అది అద్భుతమే. అయినా అంత నీరు నగరంలోకి వచ్చాక కూడా అంటరానివాళ్లకు అందులో చెయ్యి పెట్టే హక్కు రాలేదు. నూరేళ్లు గడిచాక, 1868లో, జ్యోతిరావు తన ఇంటి హౌజును వాళ్లకు తెరిచాడు. మహాడ్ చవ్‌దార్ చెరువు దగ్గర అంబేడ్కర్ 1927లో చేసిన పోరాటానికి ఇంకా అరవై ఏళ్ల ముందు సంగతి ఇది. కాత్రజ్ కాలువలో ప్రవహించింది నీళ్లు. ఫూలే పెరట్లో ఉన్నది కూడా నీళ్లే. రెండింటినీ ఒకే పర్యటనలో, ఒకే వాక్యంలో చెప్పినప్పుడే ఒక సందర్శకుడికి పుణె అర్థమవుతుంది.

జ్యోతిరావుకు కట్టడాల పని కొత్త కాదు. ఆయన కాంట్రాక్టరు కూడా. ఖడక్‌వాస్లా ఆనకట్ట పనికి సామగ్రి సరఫరా చేశాడు. రాయి మోసే కూలి ఎలా బతుకుతుందో దగ్గర నుంచి చూశాడు. ఆయన 1873లో స్థాపించిన సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచినవారిలో మన తెలుగువారు ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటివారు బొంబాయిలో కట్టడాల కాంట్రాక్టులు చేసేవారు. తెలంగాణ నుంచి వలసవెళ్లి ఆ మహానగరానికి రాళ్లు మోసిన కామాఠీల పేరు మీదే అక్కడ కామాఠీపుర వెలిసింది. బొంబాయి పాత భవనాల ముందు నిలబడి ఫోటోలు దిగే తెలుగువారిలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇంకొక సంగతి. ఫూలే 1876 నుంచి పుణె మునిసిపాలిటీలో సభ్యుడు. 1880లో వైస్రాయ్ లిట్టన్ వస్తున్నాడని, నగరాన్ని అలంకరించడానికి వెయ్యి రూపాయలు ఖర్చు పెడదామని ప్రతిపాదన వచ్చింది. ఆ డబ్బు పేదల చదువుకు పెట్టాలని ఫూలే వ్యతిరేకించాడు. తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేసినవాడు ఆయనొక్కడే. వచ్చేవాళ్ల కళ్ల కోసం నగరాన్ని ముస్తాబు చేయడం మీద ఈ నేల ఇచ్చిన మొదటి విమర్శల్లో అది ఒకటి. ఇవాళ అదే నగరంలో వారసత్వ వీధులను తెల్లవారకముందే ఊడ్చే స్త్రీలను మేము రెండు రోజులూ చూశాం. సందర్శకులు లేచేసరికి వాళ్లు వెళ్లిపోతారు. నీడ పొడవుగా ఉండే వేళకు అప్పుడు రాకూడదన్నారు. ఇప్పుడు ఆ వేళకే వచ్చి, మనం చూసేలోగా పని ముగించి పొమ్మంటున్నారు. గడియారం తిరగబడింది, పని మాత్రం అదే కులాల చేతుల్లో ఉంది.

పాత నగరాలను బాగుచేయవద్దని నేను ఇక అనను. ఎలా బాగుచేస్తారన్నదే అడుగుతాను. ముఖద్వారానికి ఎంత ఖర్చు పెడతారో వెనక ద్వారానికీ అంత శ్రద్ధ పెట్టాలి. అక్కడ ఎవరు నిలబడ్డారో ఫలకం మీద రాయాలి. కట్టించినవాడి పేరు పక్కన కట్టిన కులాల పేర్లు, వాళ్లకు ఆ కట్టడంలోకి ప్రవేశం ఉందో లేదో కూడా ఉండాలి. గైడ్లకు నేర్పే పాఠంలో ముక్తా సాల్వే ఉండాలి. పాలకుల నివాసాలకు ఇచ్చే నిధులూ, పోరాడినవాళ్ల బడులకూ ఇళ్లకూ ఇచ్చే నిధులూ పక్కపక్కన అచ్చువేసి ప్రజల ముందు పెట్టాలి. కట్టడాల కమిటీల్లో చరిత్రకారులు, ఇంజనీర్లతో పాటు ఆ కట్టడం వెలివేసిన వాడల ప్రతినిధులు కూర్చోవాలి. వారసత్వం అంటే ఆస్తి మాత్రమే కాదు. అప్పు కూడా వారసత్వంగానే వస్తుంది. ఆస్తిని తీసుకొని అప్పును ఎగ్గొట్టే వారసుణ్ణి లోకం ఏమంటుందో, ఈ దేశపు వారసత్వ ఉత్సవాలను నేనూ అదే అంటాను.

ఇది మన దగ్గరికి వచ్చిన ప్రశ్న. తెలంగాణ ఊళ్లలో గడీలు ఇంకా ఉన్నాయి. కొన్నిటి గోడల మీద రావి మొక్కలు మొలిచాయి. కొన్నిటిలో సినిమాలు తీస్తున్నారు. కొన్నిటిని విడిదులు చేయాలని చూస్తున్నారు. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది గడీ మనుషుల తుపాకులకే. ఆడబాపలుగా గడీలకు ఇచ్చేసిన ఆడపిల్లల బతుకులు ఆ గదుల్లోనే ముగిశాయి. రేపు అవే గదుల్లో మెత్తటి పరుపులు వేసి, కిటికీలో మల్లెతీగ అల్లించి, ‘దొరల వైభవాన్ని అనుభవించండి’ అని అద్దెకిస్తే, అక్కడ పడుకునేవాళ్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

తిరిగి వచ్చాక ఆమె గడీ వారసులకు ఉత్తరం రాసింది. పని ఒప్పుకుంటానని, కొన్ని షరతులతోనని. మనుషులను కట్టేసిన కొట్టాన్ని సామాన్ల గదిగా మార్చకూడదు. వెనక దర్వాజాను మూయకూడదు. చెప్పులు విప్పాల్సిన చోటును గుర్తించి, అక్కడ వెట్టి గురించి తెలుగులో రాయించాలి. చుట్టూ ఉన్న ఊళ్లలో వెట్టి చేసిన కుటుంబాల నుంచి ఆ మాటలు సేకరించాలి. ఆ ఫలకం లేకుండా తన సంతకం ఉండదని రాసింది. ఉత్తరం పంపే ముందు నాకు చూపించింది. నేను ఒక్క వాక్యం కలిపాను: ఆ గడీలో ఎవరి ఇంటిపేరూ అడగకూడదు.

వాళ్ల దగ్గర నుంచి ఇంకా జవాబు రాలేదు. రాకపోవచ్చు. ఇంకొక వాస్తుశిల్పి, ఏ షరతూ లేకుండా, ఆ పని చేసిపెట్టవచ్చు. అప్పుడైనా మేము వెళతాం. టికెట్టు కొనుక్కొని, సాయంత్రం నాలుగు దాటాక, మా తాత చెప్పులు విప్పిన చోట చెప్పులతోనే నిలబడతాం. అక్కడికి వచ్చే గైడును అదే ప్రశ్న అడుగుతాం. విద్యార్థి మిత్రులారా, మీరు వెళ్లే ప్రతి కోటలోనూ, ప్రతి గడీలోనూ మీరూ అడగండి. వందమంది అడిగితే, గైడ్ల పాఠంలో ఆ ద్వారం చేరక తప్పదు.